ఇరవై ఒక్క రోజుల గడువు
రాయపూర్ నగరంలో పుట్టుక పత్రం కథ

విశాఖపట్నం నుండి రాయపూర్ వరకు సాగే రైలుమార్గం పొడవు సుమారు 530 కిలోమీటర్లు. విజయనగరం, పార్వతీపురం దాటగానే ఆ మార్గం తూర్పు కనుమలలోకి ప్రవేశిస్తుంది. రాయగడ, టిట్లాగఢ్, కంటాబాంజీ, ఖరియార్ రోడ్ స్టేషన్ల మీదుగా ఒడిశాను దాటి, మహాసముంద్ వద్ద ఛత్తీస్‌గఢ్ మైదానంలోకి దిగుతుంది. వర్షకాలంలో ఈ మైదానమంతా వరి మళ్ళతో పచ్చగా పరచుకొని ఉంటుంది. వేసవిలో అదే నేల ఎర్రగా, బీటలు వారి కనిపిస్తుంది. ఈ మార్గంలో విజయనగరం నుండి పార్వతీపురం వరకు గల భాగం 1909 నాటికే పూర్తయింది. కనుమలను తొలిచి రాయపూర్ వరకు పొడిగించే పని 1931లో ముగిసింది. మధ్య పరగణాల ఖనిజాలనూ ధాన్యాన్నీ విశాఖ రేవుకు చేర్చడం ఆనాటి ప్రభుత్వ ఉద్దేశం. అయితే రైలు సరుకును మాత్రమే మోయలేదు, మనుషులను కూడా మోసింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి కూలికీ, రైల్వే కొలువులకూ బయలుదేరిన కుటుంబాలెన్నో రాయపూర్‌లోనూ, భిలాయి ఉక్కు కర్మాగారం పరిసరాలలోనూ స్థిరపడ్డాయి. నేటికీ రాయపూర్‌లోని రైల్వే వ్యాగన్ మరమ్మతు కర్మాగారం కాలనీలో సాయంకాలం వేళ అరుగుల మీద ఉత్తరాంధ్ర యాస వినవస్తుంది.

రాయపూర్ ప్రాచీన నగరం. కలచూరి వంశంలోని ఒక శాఖకు ఇది రాజధానిగా ఉండేది. 1857లో బ్రిటిషు వారి మీద తిరుగుబాటు చేసిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ సింహుని ఆ సంవత్సరం డిసెంబరు 10వ తేదీన ఈ నగరంలోనే ఉరితీశారు. బాల నరేంద్రుడు, అనగా తరువాతి కాలపు వివేకానంద స్వామి, 1877-79 మధ్య తల్లిదండ్రులతో ఇక్కడ నివసించాడు. నగరం నడుమ గల బూఢా తాలాబ్ అనే పెద్ద చెరువులో ఆయన విగ్రహం ధ్యానముద్రలో దర్శనమిస్తుంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినపుడు రాయపూర్ దానికి రాజధాని అయింది. ఆనాటి నుండి ఊరు నాలుగు వైపులా పెరిగింది. ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలలో ఇనుము కరిగించే కొలుములు రాత్రింబవళ్ళు మండుతుంటాయి. వాటిలో పనికోసం ఒడిశా నుండీ, బీహారు నుండీ, రాష్ట్రంలోని మారుమూల గ్రామాల నుండీ జనం వచ్చి చేరుతూనే ఉన్నారు.

ఇటువంటి నగరాన్ని చూడబోయేవారు గుడులనూ, చెరువులనూ, మహంత్ ఘాసీదాస్ పేరుమీద వెలసిన వస్తు ప్రదర్శనశాలనూ చూసి వెళ్ళిపోతారు. ఘడీ చౌక్ దగ్గర కలెక్టరు కార్యాలయం పరిసరాలను యాత్రాస్థలంగా ఎవరూ లెక్కించరు. అర్జీలు వ్రాసేవారు, నోటరీలు, ఫోటోస్టాట్ తీసేవారు బల్లలు వేసుకొని కూర్చునే ఇటువంటి చోట ఒక రాష్ట్రపు పేదల జీవితం తేటతెల్లంగా తెలుస్తుంది. వచ్చినవారి చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడి చిరుగుతున్న కాగితాలు. వారిలో ఎందరికో కావలసింది ఒకటే: తన బిడ్డ ఫలానా రోజున, ఫలానా చోట పుట్టినదని చెప్పే ప్రభుత్వ పత్రం.

కొత్వారు పుస్తకం

పుట్టిన తేదీని కాగితం మీద ఉంచుకోవలసిన అవసరం గ్రామీణులకు పూర్వం ఉండేది కాదు. తెలుగు పల్లెలలో ‘గోదావరి వరదలు వచ్చిన యేడు’, ‘దివిసీమ ఉప్పెన నాటికి చంటిపిల్ల’ అని లెక్క చెప్పేవారు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో హరేలీ, పోలా, అక్తీ పండుగలు, కరవు వచ్చిన సంవత్సరాలు ఆనవాళ్ళు. పిల్లవాడు కుడిచేతిని తలమీదుగా చాచి ఎడమ చెవిని అందుకోగలిగితే బడి యీడు వచ్చినట్లే. అతని పుట్టిన తేదీని పంతులుగారే నిర్ణయించేవారు. బడులు తెరిచే రోజులకు తగినట్లు జూలై 1వ తేదీన పుట్టినవారుగా నమోదైన పెద్దలు మధ్య భారతంలో ఈనాటికీ కోకొల్లలు.

అయినా ప్రభుత్వం వద్ద లెక్క ఉండేది. బ్రిటిషు పాలనలో మధ్య పరగణాల ప్రతి గ్రామానికి ఒక కొత్వారు ఉండేవాడు. మన పల్లెల తలారి వంటి ఉద్యోగి. ఊరికి కాపలా, డప్పు కొట్టి చాటింపు వేయడం, అధికారులు వచ్చినపుడు వెంట తిరగడం అతని విధులు. వీటికి తోడు ఊరిలో జరిగిన జననాలనూ మరణాలనూ ఒక పుస్తకంలో ఎక్కించి, దానిని పోలీసు ఠాణాకు తీసుకుపోయి చూపవలసి ఉండేది. ఈ కొలువు ఎక్కువగా గాండా, పన్‌కా వంటి అణగారిన కులాల వారికి దక్కేది. చదువు రాని కొత్వారు తన పుస్తకాన్ని మరొకరి చేత వ్రాయించుకొనేవాడు. తమ పిల్లల పుట్టుకకు ఏ కాగితమూ లేని కుటుంబాల వారు ఊరందరి పుట్టుకలకూ సాక్షులుగా నిలిచారన్నమాట.

ఆ పాత పుస్తకాల విలువ నేడు తెలుస్తున్నది. కోర్టులలో వయస్సు తేల్చవలసి వచ్చినపుడు కొత్వారీ పంజీని సాక్ష్యంగా తెస్తారు. కుల ధ్రువీకరణ పత్రం కావలసినవారు తాతముత్తాతల పేర్లకోసం భూమి శిస్తు ఏర్పాటు నాటి ‘మిసల్’ రికార్డులనూ, పాఠశాలల దాఖలా రిజిస్టర్లనూ వెదుకుతారు. ఎందుకంటే షెడ్యూల్డు కులాల జాబితాను రాష్ట్రపతి 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డు తెగల జాబితాను 1950 సెప్టెంబరు 6న ప్రకటించారు. ఆ తేదీలకు పూర్వమే తమ కుటుంబం ఈ ప్రాంతంలో ఉన్నట్లు చూపమని కార్యాలయాలు అడుగుతాయి. భూమి లేనివానికి శిస్తు రికార్డు ఉండదు. బడికి పోనివానికి దాఖలా రిజిస్టరులో పేరుండదు. ఈ చిక్కును గుర్తించి ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2013లో చేసిన చట్టం ద్వారా, వ్రాతపూర్వకమైన ఆధారం లేనివారి విషయంలో గ్రామసభ తీర్మానాన్ని పరిగణించే వీలు కలిగింది.

అక్షరాల తేడా కూడా ఆ రాష్ట్రంలో తరాల భవిష్యత్తును తారుమారు చేసింది. జాబితాలో ఒక విధంగానూ, పట్వారీ చిట్టాలో మరొక విధంగానూ తెగ పేరు వ్రాసి ఉన్నందువల్ల అనేక కుటుంబాలకు ధ్రువపత్రం దొరకలేదు. భారియా భూమియాలకు పర్యాయంగా భుయియా, భుయ్యా, భూయా అనే రూపాలను చేర్చడానికీ, మరికొన్ని పేర్లను సరిచేయడానికీ పార్లమెంటు 2023లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ఒక గుమాస్తా కలం జారితే దానిని సరిదిద్దడానికి దేశపు అత్యున్నత శాసనసభ కూర్చోవలసి వచ్చిందంటే మొదటి నమోదు ఎంత జాగ్రత్తగా జరగాలో తెలుస్తున్నది.

చట్టం చెప్పేది

స్వతంత్ర భారతంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. 1970 ఏప్రిల్ 1 నుండి చాలా రాష్ట్రాలలో అమలైంది. బిడ్డ పుట్టిన 21 రోజులలోగా తెలియజేస్తే నమోదు ఉచితం. ఆసుపత్రిలో పుడితే అక్కడి వైద్యాధికారి, ఇంట్లో పుడితే ఇంటి యజమాని తెలియజేయాలి. 21 రోజులు దాటి 30 రోజుల లోపయితే కొద్దిపాటి ఆలస్య రుసుము చెల్లించాలి. నెల దాటి సంవత్సరం లోపయితే అధికారి లిఖితపూర్వక అనుమతి అవసరం. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. అంటే మొదటి మూడు వారాలలో ఒక మాటతో పోయే పని, సంవత్సరం తిరిగేసరికి కచేరీల చుట్టూ తిరగవలసిన పనిగా మారుతుంది. కూలివానికి కచేరీకి పోయిన ప్రతి దినమూ కూలి పోయిన దినమే.

ఈ 21 రోజుల లెక్కలో తెలుగువారికి ఒక చిక్కు ఉన్నది. బారసాల సాధారణంగా పదకొండవ రోజునో, ఇరవై ఒకటవ రోజునో జరుపుకుంటారు. పేరు పెట్టకుండా బిడ్డను ఎట్లా వ్రాయించడమని పెద్దలు ఆగుతారు. ముహూర్తం కుదరక బారసాల వాయిదా పడితే గడువు కూడా దాటిపోతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఆరవ రోజున ‘ఛట్టీ’ జరుపుతారు. ఆడవారు చేరి సోహర్ పాటలు పాడుతారు. అక్కడా పేరు కుదరలేదనే కారణంతో నమోదు ఆగే ఇళ్ళు ఉంటాయి. నిజానికి చట్టంలో ఈ అడ్డంకి లేనే లేదు. పేరు లేకుండానే పుట్టుకను వ్రాయించవచ్చు. నమోదైన పన్నెండు నెలలలోగా పేరును ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆపైన పదిహేనేళ్ళ వరకు రుసుము చెల్లించి చేర్చుకోవచ్చు. ఈ చిన్న సంగతి తెలియక ఎందరి పుట్టుకలు కాగితానికి ఎక్కలేదో!

రెండవ చిక్కు పుట్టింటి ఆచారం. తొలి కాన్పుకు కూతుర్ని పుట్టింటికి తీసుకుపోవడం మన సంప్రదాయం. రాయపూర్ రైల్వే కాలనీలో కాపురముంటున్న ఒక కోడలిని ఊహించుకోండి. ఆమె ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో రైలెక్కి పార్వతీపురం దగ్గరి తన ఊరికి చేరుతుంది. బిడ్డ అక్కడ పుడుతుంది. మూడవ నెలలోనో ఐదవ నెలలోనో బిడ్డను చంకనెత్తుకొని అత్తవారింటికి తిరిగి వస్తుంది. తండ్రి రాయపూర్ నగరపాలక సంస్థ కార్యాలయానికి పోయి పత్రం అడిగితే, ‘బిడ్డ పుట్టిన చోటనే అడగవలె’ అని సమాధానం వస్తుంది. చట్టం ప్రకారం ఆ సమాధానం సరియైనదే. పుట్టుకను పుట్టిన స్థలంలోనే నమోదు చేస్తారు, తల్లిదండ్రులు నివసించే చోట కాదు. అందువల్ల పురిటి మంచం దిగకముందే తాతగారో మేనమామో ఆ ఊరి ఆసుపత్రిలోగాని, పంచాయతీలోగాని పని పూర్తి చేయించాలి. పసుపు కుంకుమలతో పాటు పుట్టుక పత్రాన్ని కూడా సారెలో పెట్టి పంపడం మేలు.

ఇటుకబట్టీల దారి

ఇదే రైలుమార్గం మీద మరొక ప్రయాణం ప్రతి ఏటా సాగుతుంది. వరి కోతలు ముగిశాక, నవంబరు నెల నుండి, కంటాబాంజీ, టిట్లాగఢ్ స్టేషన్లలో మూటాముల్లెలతో కుటుంబాలకు కుటుంబాలే కనిపిస్తాయి. ఒడిశాలోని బలాంగీర్, నువాపడ జిల్లాల పేదలు ముఠా మేస్త్రీ దగ్గర ముందుగా సొమ్ము తీసుకొని, తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల ఇటుకబట్టీలకు పనికి పోతారు. ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్, బలౌదా బజార్, జాంజ్‌గీర్ ప్రాంతాల నుండి కూడా ఇటువంటి వలసలు ఉత్తరాది రాష్ట్రాల బట్టీలకు సాగుతాయి. వేసవి చివర, వానలకు ముందు తిరిగి వస్తారు. భార్యాభర్తలిద్దరూ, చేతి కందిన పిల్లలూ కలిసి మట్టి తొక్కి ఇటుకలు కోసే పని గనుక గర్భిణీ స్త్రీలు కూడా వెంట పోక తప్పదు.

బట్టీ దగ్గర గుడిసెలో పుట్టిన బిడ్డ గతి ఏమిటి? ఆ బిడ్డను పుట్టిన గ్రామంలోనే నమోదు చేయాలి. కాని ఆ ఊరి పంచాయతీకి ఈ కుటుంబం ఎవరో తెలియదు. భాష రాదు. ఇరవై ఒక్క రోజులలో కార్యాలయానికి పోవడానికి యజమాని సెలవివ్వడు. సొంత ఊరికి తిరిగి వచ్చాక అడిగితే, ఇక్కడ పుట్టలేదు కదా అంటారు. ఆ బిడ్డ రెంటికీ చెడ్డ రేవడి అవుతున్నది. పుట్టిన ఊరి లెక్కలో లేదు, సొంత ఊరి లెక్కలోనూ లేదు. బాలకార్మికుల నిషేధ చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టరాదని చెబుతుంది. అయితే పద్నాలుగేళ్ళు నిండలేదని చూపడానికి ఆ బిడ్డ వద్ద ఏముంటుంది?

ఇంకొక వలస దక్షిణాన జరిగింది. 2005 తరువాత బస్తర్ ప్రాంతంలో చెలరేగిన హింస వలన బీజాపూర్, సుక్మా అడవుల నుండి వేలాది గోండు, మురియా కుటుంబాలు గోదావరి వైపు తరలివచ్చాయి. నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులలో గుడిసెలు వేసుకున్నాయి. వారిని అక్కడ గుత్తికోయలని పిలుస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో వారు షెడ్యూల్డు తెగల వారు; తెలుగు రాష్ట్రాలలో ఆ హోదా వారికి లభించలేదు. తల్లిదండ్రులు పుట్టిన ఊరు రాయపూర్ ప్రభుత్వపు లెక్కలలో ఉన్నది, బిడ్డలు పుట్టిన ఊరు తెలుగు రాష్ట్రాల లెక్కలలో ఉన్నది. అడవి మధ్యలో మంత్రసాని చేతిలో పుట్టిన ఆ పిల్లలకు పుట్టుక పత్రం ఉంటే, కనీసం వారు ఈ నేలమీద పుట్టారన్న సంగతి వాదనకు లోనుకాకుండా నిలుస్తుంది.

మితానిన్, మితాన్

ఛత్తీస్‌గఢ్ గ్రామజీవితంలో ఒక చక్కని ఆచారం ఉన్నది. ఇద్దరు మగవారుగాని, ఇద్దరు ఆడవారుగాని మనసు కలిసినపుడు కులభేదం ఎంచకుండా, పెద్దల సమక్షంలో స్నేహబంధం కట్టుకుంటారు. జగన్నాథుని ప్రసాదం పంచుకొంటే ‘మహాప్రసాద్’ అంటారు. గంగాజలం పుచ్చుకొంటే ‘గంగాజల్’ అంటారు. మొలకెత్తిన గోధుమ నారు ఇచ్చి పుచ్చుకొంటే ‘భోజలీ’ అంటారు. ఆనాటి నుండి ఒకరినొకరు పేరు పెట్టి పిలువరు, ఆ బంధం పేరుతోనే పిలుచుకొంటారు. ఇటువంటి స్నేహితుడు మితాన్, స్నేహితురాలు మితానిన్. సుఖదుఃఖాలలో ఇంటి మనిషి కంటె మిన్నగా నిలవడం ఈ బంధంలోని ధర్మం.

రాష్ట్రం ఏర్పడిన కొద్ది కాలానికే, 2002లో, ఈ పేరుతో ఒక ఆరోగ్య పథకం ఆరంభమైంది. ప్రతి వాడ నుండి ఒక స్త్రీని ఆ వాడ వారే ఎన్నుకొంటారు. ఆమె గర్భిణులను పలకరిస్తుంది, జ్వరానికి మాత్రలిస్తుంది, ప్రసవానికి ఆసుపత్రికి తీసుకుపోతుంది. ఆమెయే ‘మితానిన్’. ఇప్పుడు వీరి సంఖ్య 60 వేలకు పైమాటే. 2005లో దేశమంతటా ఆరంభమైన ఆశా కార్యకర్తల పథకానికి ఈ మితానిన్‌లే ఒరవడి.

దీని ఫలితం అంకెలలో కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఆసుపత్రులలో జరిగే కాన్పులు 2005-06లో నూటికి 14.3 మాత్రమే. 2015-16 నాటికి అవి 70.2కు, 2019-21 నాటికి 85.7కు పెరిగాయి. జననీ సురక్షా యోజన కింద ఇచ్చే సొమ్ము, ఉచిత వాహనాలు, కొత్త ఆసుపత్రులు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. ఆసుపత్రిలో కాన్పు జరిగితే నమోదు చేయవలసిన బాధ్యత కుటుంబం భుజాల మీదనుండి వైద్యాధికారి మీదికి మారుతుంది. రాయపూర్‌లో మెకాహారా అని జనం పిలుచుకొనే అంబేద్కర్ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి వచ్చిన బాలింతకు ఇది ఎంతో ఊరట. దేశం మొత్తం మీద కూడా ఐదేళ్ళలోపు పిల్లలలో పుట్టుక నమోదైనవారు 2005-06లో నూటికి 41 మంది, 2015-16లో 79.7, 2019-21లో 89.1. ప్రసవాలు ఆసుపత్రులకు తరలిన కొద్దీ నమోదు కూడా పెరిగిందని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

అయితే నమోదు వేరు, పత్రం చేతికి రావడం వేరు. రిజిస్టరులో పేరు ఉండవచ్చు. దాని నకలుకోసం మళ్ళీ ఆఫీసుకు పోవలసిందే. రాయపూర్ నగరపాలక సంస్థకు తెల్లని గోడల పెద్ద భవనం ఉన్నది. ఊరివారు దానిని ‘వైట్ హౌస్’ అంటారు. ఖమ్‌తరాయ్, గుఢియారీ బస్తీల నుండి వచ్చే చదువులేని తల్లికి ఆ భవనంలో ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. ఫారం నింపి పెడతానని ముందుకు వచ్చే మధ్యవర్తి మాత్రం గుమ్మంలోనే ఎదురవుతాడు.

ఈ లోటు తీర్చడానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022 మే 1న ముఖ్యమంత్రి మితాన్ పథకాన్ని ప్రారంభించింది. రాయపూర్‌తో సహా 14 నగరపాలక సంస్థలలో అది మొదలైంది. 14545 అనే నంబరుకు ఫోను చేసి వేళ నిర్ణయించుకొంటే మితాన్ అనే ప్రతినిధి ఇంటికి వచ్చి, కాగితాలు చూసి, దరఖాస్తు అక్కడికక్కడే నింపేలా దానిని రూపొందించారు. పత్రం తయారైన తరువాత మళ్ళీ ఇంటికే తెచ్చి ఇవ్వడం కూడా అందులో భాగం. జనన, మరణ, వివాహ పత్రాలతో పాటు కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు కూడా ఈ ఏర్పాటులో చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు ఆరంభమైనపుడు ఉద్దేశించినది కూడా ఇటువంటిదే: అర్జీదారు జిల్లా కేంద్రానికి పోకుండా ప్రభుత్వమే వీధి చివరికి రావడం.

కొత్వారు నాటి పద్ధతితో పోల్చి చూస్తే ఇందులో ఒక పాత సత్యం బయటపడుతుంది. కొత్వారు ఎవరినీ కార్యాలయానికి రమ్మనలేదు. గుడిసె గుడిసెకు తెలిసిన మనిషి కనుక పుట్టుక వార్త తానే సేకరించి, పుస్తకం చంకన పెట్టుకొని ఠాణాకు నడిచాడు. అతని పుస్తకం ప్రభుత్వపు లెక్కకోసం. నేటి పత్రం బిడ్డ హక్కుకోసం. భేదం అదే. పేదల పేర్లు లెక్కకు ఎక్కాలంటే ఆ రోజైనా ఈ రోజైనా లెక్క వ్రాసేవాడు వారి వాకిటికి నడవవలసిందే. రాయపూర్‌కు దక్షిణాన ఒకప్పుడు ఈ జిల్లాలోనే భాగమై, 2012లో విడిపోయిన గరియాబంద్ జిల్లా అడవులలో కమార్ తెగవారు నివసిస్తారు. వెదురు బుట్టలల్లి బ్రతికే వీరిని అత్యంత బలహీన ఆదిమ తెగలలో ఒకటిగా గుర్తించారు. ఫోను సంకేతం అందని అటువంటి చోట నంబరు తిప్పితే వచ్చే మితాన్ కంటె, పక్క గుడిసెలో ఉండే మితానిన్, అంగన్‌వాడీ కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి ముఖ్యులు. గ్రామాలలో పంచాయతీ కార్యదర్శియే జనన మరణాల రిజిస్ట్రారు.

కాగితం బరువు పెరిగింది

పూర్వం పుట్టుక పత్రం లేకపోయినా మరొక దారి ఉండేది. బడి సర్టిఫికేటు, ఓటరు కార్డు, ఆధార్ కార్డు ఏదో ఒకటి చూపి పని గడుపుకొనేవారు. 1969 నాటి చట్టాన్ని పార్లమెంటు 2023లో సవరించింది. ఆ సవరణ ఆ సంవత్సరం అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీన, ఆ తరువాత పుట్టినవారికి పుట్టిన తేదీని, స్థలాన్ని నిరూపించేది జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే. విద్యాలయంలో ప్రవేశం, డ్రైవింగు లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వోద్యోగం, ఆధార్ సంఖ్య, అన్నిటికీ అదే ఆధారం.

ఆ సవరణ కొన్ని సౌకర్యాలను కూడా కలిగించింది. నమోదైన ఏడు రోజులలో పత్రం ఇవ్వాలి. సంవత్సరం దాటిన నమోదులకు మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టుకు పోనక్కరలేకుండా జిల్లా మేజిస్ట్రేటుగాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుగాని, అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగాని ఉత్తర్వు ఇవ్వవచ్చు. నెల దాటినవారు నోటరీ అఫిడవిట్టుకు బదులు స్వయంగా సంతకం చేసిన పత్రం ఇస్తే చాలు. దత్తత తీసుకొన్న తల్లిదండ్రులకూ, ఒంటరి తల్లికీ నమోదు చేయించే మార్గం స్పష్టమైంది. అవివాహిత తల్లి తన అఫిడవిట్టు మీద, తండ్రి పేరు చెప్పనక్కరలేకుండా, బిడ్డకు పుట్టుక పత్రం పొందవచ్చునని సుప్రీంకోర్టు 2015 జూలై 6ననే తీర్పు చెప్పింది. దిక్కులేని పసికందు దొరికితే గ్రామంలో గ్రామపెద్ద, ఇతర చోట్ల పోలీసు అధికారి తెలియజేయాలన్నది మూల చట్టంలోనే ఉన్నది.

ఈ పత్రం వలన కలిగే రక్షణ పలు విధాలు. ఆడపిల్ల పేరు మీద సుకన్యా సమృద్ధి ఖాతా తెరవాలంటే ఇది కావాలి. అక్తీ పండుగ నాడు, అనగా అక్షయ తృతీయ నాడు, ఛత్తీస్‌గఢ్ పల్లెలలో పెళ్ళిళ్ళు విరివిగా జరుగుతాయి. పదహారేళ్ళ పిల్లకు పద్దెనిమిది నిండాయని తండ్రి చెప్పినపుడు, కాదని నిరూపించగలిగేది ఆ పిల్ల పుట్టిననాటి కాగితమే. నేరారోపణకు గురైన పిల్లవాడు బాలుడా, పెద్దవాడా అనే ప్రశ్న వచ్చినపుడు 2015 నాటి బాలల న్యాయ చట్టం ముందుగా పాఠశాల పత్రాన్ని, అది లేకపోతే పురపాలక సంఘంగాని పంచాయతీగాని ఇచ్చిన పుట్టుక పత్రాన్ని చూడమంటుంది. ఏదీ లేకపోతే ఎముకల పరీక్షతో వయస్సు అంచనా కట్టవలసి వస్తుంది. అంచనాలో ఒకటి రెండేళ్ళ తేడా వస్తే ఒక జీవితం దారి తప్పుతుంది.

ప్రపంచం కూడా ఈ విషయంలో మాట ఇచ్చింది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక ఏడవ అధికరణం, పుట్టిన వెంటనే ప్రతి బిడ్డనూ నమోదు చేయాలని చెబుతుంది. భారతదేశం 1992లో దానికి సమ్మతించింది. 2030 నాటికి పుట్టుక నమోదుతో సహా అందరికీ చట్టబద్ధమైన గుర్తింపు కలిగించాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యాలలో ఒకటి. అయినా ఐదేళ్ళలోపు పిల్లలలో సుమారు 15 కోట్ల మంది ఏ దేశపు పుస్తకంలోనూ లేరని యూనిసెఫ్ 2024లో ప్రకటించింది.

కొత్త చట్టం వచ్చాక పుట్టిన మొదటి బిడ్డలకు 2029 అక్టోబరు నాటికి ఆరేళ్ళు నిండుతాయి. రాయపూర్ బస్తీలలోని పాఠశాలలకూ, గరియాబంద్ అడవులలోని ఆశ్రమశాలలకూ వారు ఆ రోజులలో నడిచి వస్తారు. పత్రం లేని బిడ్డ గుమ్మంలో నిలబడినపుడు ప్రధానోపాధ్యాయుడు ఏమి చేయాలి? వయస్సు రుజువు లేదనే కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం పద్నాలుగవ సెక్షను శాసిస్తున్నది. ఆ సెక్షను రద్దు కాలేదు. బిడ్డను లోపలికి తీసుకొని కూర్చోబెట్టి, ఆ తరువాత పంచాయతీ కార్యదర్శికి కబురు పెట్టడమే రెండు చట్టాలనూ గౌరవించే పద్ధతి. పత్రం తెచ్చుకొని రమ్మని వెనక్కి పంపితే, ఆ పిల్ల మళ్ళీ వచ్చే అవకాశం తక్కువ. ఆమె తండ్రి అప్పటికే కంటాబాంజీలో రైలుకోసం నిలబడి ఉండవచ్చు.